గాలికి గొళ్ళెం

కొల్లేటికోట అనగానే మీ కళ్ళముందు బురుజులూ, సింహద్వారమూ, ఫిరంగులూ కదలాడితే ఆ తప్పు మీది కాదు, ఆ పేరుది. మొదటిసారి మా పెద్దమ్మ ఊరు వెళ్ళినప్పుడు నేనూ అలాగే కోట కోసం దిక్కులు చూశాను. ఎటు చూసినా నీళ్ళు, చేపల చెరువులు, రెల్లు, తూటికాడ, గట్లమీద కొంగలు. ఊళ్ళో అమ్మవారి గుడి. అంతే. "కోట ఏదీ పెద్దమ్మా?" అని అడిగితే, చుట్టూ ఉన్న నీళ్ళకేసి చెయ్యి చూపించి, "అదేనే కోట!" అంది.

ఆవిడ వేళాకోళానికి అనలేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో కోటల రకాలు చెబుతూ, నీటి నడుమ ఉండే కోటను మొదట లెక్కపెట్టాడు. దాన్నే జలదుర్గం అంటారు. ఫాల్గుణ మాసంలో పెద్దింట్లమ్మ జాతరకు వెళ్ళిన వాళ్ళకు జలదుర్గ అన్న పేరు అక్కడ చెవిన పడుతూనే ఉంటుంది.

ఆ కోట గురించి ఒక కథ ఉంది. ఒరిస్సా రాజు లాంగూల గజపతి కొల్లేటి లంకమీద కోట కట్టుకుని ఉన్నాడట. శత్రుసేనలు వచ్చి ఒడ్డున చిగురుకోట దగ్గర దిగాయి. ఎన్నాళ్ళున్నా కోటను తాకలేకపోయాయి. రాతిగోడ అయితే బద్దలు కొట్టవచ్చు గాని, నీటిని ఏం పెట్టి కొడతారు? చివరికి వాళ్ళకొక ఉపాయం తట్టింది. నీళ్ళతో పోట్లాట మాని, నీళ్ళకే దారి చూపిస్తే? కొల్లేరు కాస్తా సముద్రంలోకి దిగిపోయేటట్టు కాలువ తవ్వడం మొదలుపెట్టారు. ఆ కాలువే ఉప్పుటేరు అని జనం చెప్పుకుంటారు. ఆ పోరులో ఒక సేనాధిపతి దేవతల అనుగ్రహం కోసం కన్నకూతురినే బలి ఇచ్చాడనీ, అందుకే ఆ కాలువకు పేరంటాల కనుమ అన్న పేరు వచ్చిందనీ కూడా చెబుతారు.

బుడమేరూ తమ్మిలేరూ తెచ్చిపోసే నీళ్ళు ఇవాళ్టికీ ఆ ఉప్పుటేరు దారినే సుమారు 60 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తాయి. కథలో చరిత్ర పాలు ఎంతైనా, నాకు మాత్రం అందులో ఒక గట్టి నిజం కనిపిస్తుంది. కోటకు ఏది బలమో, పగవాడు దానిమీదే కన్నేస్తాడు. గోడ బలంగా ఉందని గుండెలమీద చెయ్యి వేసుకుని నిద్రపోయిన వాళ్ళే ఒక తెల్లవారుజామున నీళ్ళు తగ్గిపోవడం చూస్తారు.

ఇదంతా మొన్న జాతరకు వెళ్ళినప్పుడు గుర్తుకొచ్చింది. గుర్తు చేసింది మాత్రం గజపతీ కాదు, పేరంటాలూ కాదు. పెద్దమ్మ ఇంట్లో టీవీ పక్కన రెండు కొమ్ములతో, నాలుగు దీపాలతో మిణుకు మిణుకుమంటూ ఉన్న ఒక ప్లాస్టిక్ డబ్బా. వైఫై డబ్బా!

పెద్దమ్మకు డెబ్భై ఎనిమిదేళ్ళు. కూతురు అమెరికాలో ఉంది. 2016లో మా అక్క పంపిన టాబ్లెట్ ఒకటి ఆవిడ దగ్గర ఉంది. పొద్దున్నే కాఫీ తాగుతూ దాన్ని కుంకుమభరిణె పక్కన నిలబెట్టి, కూతురి ముఖం చూసుకుంటూ మాట్లాడటం ఆవిడ నిత్యపూజ. ఫోనులో అయితే ముఖం చిన్నదిగా కనిపిస్తుంది. కంటి ఆపరేషన్ అయినప్పటినుంచీ ఆవిడకు అది ఆనదు.

నేను వెళ్ళిన సాయంత్రం ఇంటిముందు కల్వర్టుమీద నలుగురు కుర్రాళ్ళు వరుసగా కూర్చుని ఫోన్లలోకి తలలు వంచి ఉన్నారు. "వీళ్ళెవరు పెద్దమ్మా?" అన్నాను. "మన వీధి పిల్లలేనే. మన ఇంట్లోంచి గాలి వస్తుందిట, దాంతో సినిమాలు చూసుకుంటారు. పోనిద్దూ, గాలే కదా!" అంది నిశ్చింతగా. చూస్తే ఏముంది, ఆ వైఫైకి తాళమే లేదు. సంకేతపదం అడగదు, ఎవరైనా రావచ్చు.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. 2008 జూలైలో అహ్మదాబాదులో బాంబులు పేలడానికి కొద్ది నిమిషాల ముందు వెళ్ళిన బెదిరింపు ఈమెయిల్ ఎక్కణ్ణించి వెళ్ళిందో మీకు గుర్తుందా? నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికా దేశస్థుడి ఫ్లాట్లోని వైఫై మీదుగా. ఆయనకు పాపం ఆ సంగతే తెలియదు. తాళం లేని వైఫైని ఎవరో వాడుకుపోతే, పోలీసులు మాత్రం ఆయన తలుపు తట్టారు. ఆ తర్వాత 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ, వైఫైకి తగిన భద్రత ఉండేలా చూడాలని సర్వీసు ఇచ్చే సంస్థలకు ఆదేశాలు పంపింది. కల్వర్టుమీది మన పిల్లలు మంచివాళ్ళే కావచ్చు. కాని తెరిచి ఉన్న తలుపు మంచివాళ్ళనే రమ్మని పిలవదు కదా!

సరే, నవలల్లో ఎన్నో చిక్కుముళ్ళు విప్పినదాన్ని, ఇదెంత అనుకున్నాను. నా ఫోనులోంచే ఆ డబ్బా తాలూకు పేజీ తెరిచాను. తాళాలు రకరకాలుగా ఉన్నాయి. వెప్ అట, డబ్ల్యూపీఏ2 అట, డబ్ల్యూపీఏ3 అట. పట్టుచీరల కొట్లో లాగే, అన్నిటికంటే ఖరీదుగా కనిపించింది మంచిదనుకుని మూడో నంబరుది ఎంచుకున్నాను. ఒక సంకేతపదం కొట్టి, సేవ్ నొక్కాను.

అంతే! ఆ పేజీ మాయం. నా ఫోనుకి నెట్ పోయింది. హాల్లో టీవీ ఆగిపోయింది. తెల్లవారి పెద్దమ్మ కాఫీ గ్లాసు పెట్టుకుని కూర్చుంటే టాబ్లెట్లో ఒక చక్రం తిరుగుతూనే ఉంది గాని కూతురు కనిపించలేదు. అటు అక్క తల్లికి ఏమైందోనని కంగారుపడి నా ఫోనుకి మూడుసార్లు మామూలు కాల్ చేసింది.

"దొంగలు రాకూడదని గొళ్ళెం పెడితే, ఇంట్లోవాళ్ళమే వీధిలో పడ్డామేమిటే? తీసెయ్ ఆ గొళ్ళెం!" అంది పెద్దమ్మ.

తీసేద్దామనే నాకూ అనిపించింది. అసలు చాలా ఇళ్ళల్లో జరిగేది అదే. తాళం వేస్తారు, పని చెయ్యదు, విసుగెత్తి తాళమే తీసి అవతల పారేస్తారు. కాని గాలికి గొళ్ళెం పెట్టడం కోసం మనుషులు నూట ఇరవై ఏళ్ళుగా ఎంత తంటాలు పడ్డారో తర్వాత చదివి తెలుసుకున్నాక, ఆ పూట తొందరపడనందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

తీగ ఉన్నంతకాలం ఈ గొడవ లేదు. టెలిగ్రాఫ్ తీగను దొంగచాటుగా వినాలంటే స్తంభం ఎక్కాలి. వైర్‌లెస్ అలా కాదు. పూర్వం కొల్లేటి ఒడ్డున నిలబడి అవతలి లంకలోని దోనెవాణ్ణి కేకవేసి పిలిచినట్టే. కేక దోనెవాడికీ వినిపిస్తుంది, చుట్టుపక్కల నాలుగు గట్లమీదా ఉన్నవాళ్ళకీ వినిపిస్తుంది. 1895లో కలకత్తా టౌన్‌హాలులో మన జగదీశచంద్ర బోసుగారు ఈ తరంగాలను గోడల్లోంచి పంపించి, అవతలి గదిలో గంట మోగించి చూపించారు. ఆ రోజున అందరూ ముక్కున వేలేసుకున్నారు. గోడ అడ్డం కాదని తెలిసిన ఆ రోజే, ఇక గోడ మనల్ని కాపాడదని కూడా తేలిపోయింది. పెద్దమ్మ ఇంట్లోంచి కల్వర్టు దాకా పోయేది ఆ గుణమే.

వైర్‌లెస్ మాటలు ఎవరూ వినలేరని మొదట ఘనంగా చెప్పుకున్నవాడు మార్కోనీ. తన యంత్రాలను శ్రుతి చేసి పెట్టాననీ, మరొకరు దూరలేరనీ 1903లో ఆయన ధీమా. ఆ ఏడు జూన్‌లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సభ పెట్టారు. ఎక్కడో కార్న్‌వాల్ తీరంనుంచి మార్కోనీ పంపే సందేశాన్ని ఇక్కడ ప్రొఫెసర్ ఫ్లెమింగ్ అందుకుని చూపించాలి. తీరా సమయానికి ముందే యంత్రం టకటకమంటూ "ఎలుకలు, ఎలుకలు" అన్న మాటనే మళ్ళీ మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది! ఆ వెనకే మార్కోనీని వెక్కిరిస్తూ పద్యం కూడా. ఆ పని చేసింది నెవిల్ మాస్కెలిన్ అనే ఇంద్రజాలికుడు. ఫ్లెమింగ్ పత్రికకెక్కి మండిపడితే, ఆయన కూడా పత్రికలోనే "నేనే చేశాను, మీ తాళం ఎంత గట్టిదో లోకానికి తెలియాలని చేశాను" అన్న ధోరణిలో జవాబిచ్చాడు. వైర్‌లెస్ తాళానికి పడిన మొదటి పరీక్ష అదేననుకోవచ్చు.

మన స్త్రీల వాటా కూడా ఈ కథలో ఉందండోయ్! హెడీ లమార్ అని హాలీవుడ్‌లో పేరుమోసిన అందగత్తె. ఆవిడా, సంగీతకారుడు జార్జ్ ఆంథీల్ కలిసి 1942లో ఒక పేటెంట్ సంపాదించారు. నీటి అడుగున పోయే టార్పెడోను వైర్‌లెస్‌తో నడిపేటప్పుడు శత్రువు అడ్డు తగలకుండా, ఒక తరంగం మీదనుంచి మరో తరంగం మీదకు ఇద్దరూ ఒకే లెక్క ప్రకారం గంతులు వెయ్యాలన్నది వాళ్ళ ఊహ. పియానోకు మెట్లు 88 కదా, తరంగాలు కూడా 88 అన్నారు. నౌకాదళం వాళ్ళు అప్పుడు దాన్ని పక్కన పడేశారు. అందమైన ఆడమనిషికి అంత తెలివి ఉంటుందని ఎవరు నమ్ముతారు! 1997లో వచ్చిన మొదటి వైఫై ప్రమాణంలో ఇలా గంతులు వేసే పద్ధతి కూడా ఒకటి ఉంది. ఆవిడ పేరు అమెరికాలో ఆవిష్కర్తల గౌరవ జాబితాకు ఎక్కింది 2014లో. అప్పటికి ఆవిడ పోయి పద్నాలుగేళ్ళు.

లంకలవాళ్ళకు నచ్చే సంగతి మరొకటి. కంప్యూటర్లను వైర్‌లెస్‌తో మాట్లాడించడం మొదట పెద్దఎత్తున సాగింది ఒక దీవుల సముదాయంలోనే. హవాయిలో, 1971లో, నార్మన్ అబ్రామ్‌సన్ అనే ఆచార్యుడు తన మిత్రబృందంతో కలిసి దీవి దీవికీ మధ్య రేడియోతో సంబంధం కలిపాడు. ఇద్దరు ఒక్కసారే మాట్లాడితే మాటలు కలగాపులగం అవుతాయి; అప్పుడు ఇద్దరూ ఆగి, తలోకాస్సేపు తాళి, మళ్ళీ మాట్లాడాలి. పెళ్ళివారింట్లో మన ఆడవాళ్ళం పాటించని నియమం ఇది! ఇవాళ్టి వైఫై మర్యాద కూడా దాదాపు అదే.

మన దేశంలో మాత్రం వైర్‌లెస్ చాలాకాలం సర్కారువారి సొత్తుగా ఉండేది. 1933 నాటి చట్టం ప్రకారం వైర్‌లెస్ సామాను ఇంట్లో ఉంచుకోవాలంటే లైసెన్సు కావాలి. రేడియోకు కూడా ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టి చిన్న పుస్తకంలో బిళ్ళలు అతికించుకునేవారు. పెద్దనాన్నగారి ట్రంకుపెట్టెలో ఆ పుస్తకం ఇంకా ఉంది. 1980ల మధ్యలో ఆ బాధ తప్పింది. వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను లైసెన్సు లేకుండా అందరూ వాడుకోవచ్చని మన ప్రభుత్వం అన్నది 2005 జనవరిలో. 2017 చివరికి ఫైబర్‌నెట్ పేరుతో కరెంటు స్తంభాల మీదుగా నెట్ తీగలు మన పల్లెటూళ్ళకు రాసాగాయి. దోనెలు తిరిగిన ఊళ్ళకు డబ్బాలు వచ్చాయి. తాళం సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

ఆ తాళం అంటే ఏమిటో మనలో చాలామందికి చిన్నప్పుడే తెలుసు. "కరేకపు కసికనికమా ககు" అంటూ పెద్దవాళ్ళముందే మనం మాట్లాడుకున్న 'క' భాష ఉందే, అదే! మాట అందరికీ వినిపిస్తుంది, అర్థం ఇద్దరికే తెలుస్తుంది. వాత్స్యాయనుడు చెప్పిన అరవైనాలుగు కళల్లో కూడా మ్లేచ్ఛిత వికల్పం అని గూఢంగా మాట్లాడుకునే విద్య ఉంది. కాని మన 'క' భాష ఎన్నాళ్ళు సాగింది? అమ్మ నాలుగు రోజులు చెవి ఒగ్గి విన్నదాకా. ఐదోరోజున వంటింట్లోంచి ఆవిడే "కవకద్కదు" అనేది!

సరిగ్గా ఆ గతే పట్టింది వైఫై మొదటి తాళానికి. దాని పేరు వెప్. తీగకు సమానమైన గోప్యత ఇస్తుందని ఆ పేరు పెట్టి 1997లో విడుదల చేశారు. గట్టి తాళాలను దేశం దాటనివ్వకూడదని అమెరికా ప్రభుత్వం అప్పట్లో ఆంక్ష పెట్టింది గనక తాళంచెవిని 40 బిట్లకు కుదించారు. అంటే దాదాపు లక్షా పదివేల కోట్ల తాళంచెవుల్లో ఒకటి. మనకు చాలా అనిపిస్తుంది గాని కంప్యూటరుకు అది పిడికెడు గింజలు ఏరడమే.

అసలు లోపం అది కూడా కాదు. వెప్ పంపే ప్రతి మూటకూ తాళంచెవితోపాటు ఒక చిన్న అంకె కలుపుతారు. అంకె మారితే మూట కట్టే తీరు మారుతుంది. కాని ఆ అంకెలు మొత్తం కోటీ అరవై ఏడు లక్షల చిల్లర మాత్రమే. రద్దీగా ఉండే చోట కొద్ది గంటల్లో అవన్నీ అయిపోయి, మళ్ళీ పాత అంకెలే వస్తాయి. ఒకే తీరున కట్టిన రెండు మూటలు పక్కపక్కన పెట్టి చూస్తే లోపలిది బయటపడుతుంది. ఈ సంగతిని 2001లో బర్కిలీలో బోరిసోవ్, గోల్డ్‌బర్గ్, వాగ్నర్ బయటపెట్టారు. ఆ ఏడే ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు మరో అడుగు వేసి, కొన్ని అంకెలు వచ్చినప్పుడు తాళంచెవే కొద్దికొద్దిగా కారిపోతుందని చూపించారు. చిగురుకోట సేనలు కాలువ తవ్వినట్టే, గోడ జోలికి పోకుండా నీటికే దారి చూపించారు! 2007లో జర్మనీలో డార్మ్‌స్టాట్ పరిశోధకులు, పెద్ద వెప్ తాళాన్ని కూడా ఒక్క నిమిషంలోపే తియ్యవచ్చని నిరూపించారు. అదే ఏడు అమెరికాలో ఒక పెద్ద బట్టల దుకాణాల సంస్థనుంచి 4 కోట్ల 50 లక్షలకు పైగా బ్యాంకు కార్డుల వివరాలు దొంగల పాలయ్యాయని బయటపడింది. దొంగలు దూరింది ఒక దుకాణంలోని వెప్ తాళం గుండానే.

పాత తాళం పోయింది, కొత్తది కావాలి. అప్పటికే ఇళ్ళల్లో ఉన్న పాత డబ్బాలను పారేయమంటే ఎవరు వింటారు? అందుకని పాత సామానుమీదే నడిచే తాత్కాలిక తాళంగా 2003లో డబ్ల్యూపీఏ వచ్చింది. 2004లో గట్టి తాళం, డబ్ల్యూపీఏ2, వచ్చింది. దీని పద్ధతి నాకు భలే నచ్చింది. మనం పెట్టిన సంకేతపదాన్ని, వైఫై పేరుతో కలిపి, 4096 సార్లు రుబ్బి అసలు తాళంచెవి తీస్తుంది. తర్వాత డబ్బా, ఫోను నాలుగు మాటల్లో పలకరించుకుంటాయి. ఆ నాలుగింటిలోనూ సంకేతపదం పైకి పలకదు. నీకు తెలుసునని నాకూ, నాకు తెలుసునని నీకూ రుజువు మాత్రం దొరుకుతుంది. కొత్త కోడలు, ఆడపడుచు కళ్ళతోనే మాట్లాడుకున్నట్టు!

అదీ శాశ్వతం కాలేదు. 2017లో బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హోఫ్ ఆ పలకరింపులోనే ఒక సందు కనిపెట్టాడు. దాన్ని సవరణలతో పూడ్చారనుకోండి. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది. పాతదానిలో ఆ పలకరింపును చాటుగా విన్నవాడు ఇంటికి పోయి, తీరిగ్గా కూర్చుని, సంకేతపదాన్ని లక్షసార్లు ఊహించి చూసుకోవచ్చు. కొత్తదానిలో ఆ అవకాశం లేదు. ప్రతి ఊహకూ గుమ్మం దగ్గరికి వచ్చి అడిగి తీరాలి.

ఇదంతా తర్వాతి చదువు. ఆ పొద్దున మాత్రం నాకు దిక్కు తోచలేదు. ఆపద్బాంధవుడిలా వచ్చినవాడు ఎవరనుకున్నారు? కల్వర్టుమీది కుర్రాళ్ళలో ఒకడు! రాత్రినుంచీ గాలి రావడం లేదేమని కనుక్కోవడానికి వచ్చాడు పాపం. కైకలూరులో డిగ్రీ చదువుతున్నాట్ట. విషయం చెబితే సిగ్గుపడుతూ, "ఉండండి మామ్మగారూ, చూస్తాను" అని ఇంటికి పరుగెత్తి ఒక తీగ పట్టుకొచ్చాడు.

"గాలిలో కూర్చుని గాలికే తాళం వేస్తే, మీరూ బయటే ఉండిపోతారండీ. తీగతో లోపలికి వెళ్ళాలి" అన్నాడు. కొమ్మమీద కూర్చుని కొమ్మ నరుక్కున్నానన్నమాట! తన లాప్‌టాప్‌కి తీగ తగిలించి డబ్బా తాలూకు పేజీ తెరిచాడు. అందులో నేను కొట్టిన సంకేతపదం ఉంది. మొదటి అక్షరాన్ని నా ఫోను నాకు చెప్పకుండానే పెద్దక్షరం చేసి పెట్టింది. నేనేమో రాత్రంతా చిన్నక్షరంతో తలుపు తడుతున్నాను! సరిగ్గా కొట్టేసరికి నా ఫోను లోపలికి వచ్చింది.

తర్వాత టీవీ. "దీనికి ఇంకా పాత జ్ఞాపకాలేనండీ. ఆ పేరుతో ఉన్న ఇంటికి తాళం ఉండదనే అనుకుంటోంది" అన్నాడు. పాతదాన్ని మరిచిపొమ్మని చెప్పి, కొత్తగా పరిచయం చేస్తే సర్దుకుంది.

టాబ్లెట్ మాత్రం మొరాయించింది. సంకేతపదం మూడుసార్లు అక్షరం అక్షరం చూసి కొట్టాం. చక్రం తిరగడమే గాని ఫలితం లేదు. "పాడైపోయిందేమోలే, అదీ నాలాంటిదే" అని పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. కుర్రాడు దాన్ని వెనక్కి తిప్పి, ఏ ఏడుదని అడిగాడు. 2016 అన్నాను. ఫక్కున నవ్వి, "2018లో పుట్టిన తాళం 2016లో పుట్టినదానికి ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు. డబ్బాలో తాళాన్ని మార్చి, డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసి ఉండే రకం పెట్టాడు. కొత్తవాళ్ళు కొత్త తాళంతో వస్తారు, పాతవాళ్ళు తమకు తెలిసిన తాళంతో వస్తారు. వెప్ మాత్రం ఎంత ముద్దొచ్చినా ముట్టుకోవద్దన్నాడు. ఆ తాళం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటేనట.

టాబ్లెట్లో అక్క ముఖం కనిపించింది. అక్కడ రాత్రి పదకొండు దాటింది. నిద్రపోకుండా కూర్చుంది. "అమ్మా!" అన్న ఒక్క పిలుపుకు పెద్దమ్మ కాఫీ చల్లారిపోయిన సంగతి కూడా మరిచిపోయింది.

చూశారా! తాళం వేశాక దారి మూసుకుపోతే మనం తాళాన్ని తిడతాం. దోషం చాలాసార్లు తాళానిది కాదు. రెండు వైపులా ఒకే మాట, ఒకే రకం తాళం లేకపోవడమే. వయసులో పెద్దవాళ్ళకు తెలియని తాళాన్ని ఇంటికి బిగించి, లోపలికి రావడం లేదేమని వాళ్ళనే తప్పుపడితే ఎలా? ఆ కోట కథలో గెలుపోటములు రాజులవి, మూల్యం చెల్లించింది మాత్రం ఒక ఆడపిల్ల. మన ఇళ్ళల్లో కూడా తాళం లేకపోయినా, తాళం అతిగా బిగిసినా, ముందుగా బాధపడేది ఒంటరిగా ఉన్న ఆడమనిషే.

కుర్రాడు తీగ చుట్టుకుని వెళ్ళబోతూంటే పెద్దమ్మ ఆపింది. "అబ్బాయ్, మరి మీ సంగతేమిటి?" అంది. వాడు నేలచూపులు చూశాడు. ఆవిడ నాకేసి తిరిగి, "ఏమేవ్, ఇంటికి తలుపుంటుంది, నిజమే. వీధిలోకి అరుగు కూడా ఉంటుంది కదటే! దీనికి అరుగు లేదూ?" అని అడిగింది.

కుర్రాడి ముఖం వెలిగింది. అరుగు ఉందిట! అతిథులకోసం అదే డబ్బాలో వేరే పేరుతో, వేరే సంకేతపదంతో ఇంకో వైఫై పెట్టవచ్చట. అక్కడికి వచ్చినవాళ్ళు కూర్చుని పని చూసుకోవచ్చు గాని, ఇంట్లోని టాబ్లెట్, టీవీల జోలికి రాలేరు. సంకేతపదం మాత్రం పెద్దమ్మే ఇస్తుంది, ఎవరికి ఇచ్చిందీ ఆవిడకు తెలిసి ఉంటుంది. ఇష్టం లేనప్పుడు మార్చేస్తుంది. కుర్రాడు దానికి 'పెద్దమ్మ అరుగు' అని పేరు పెట్టాడు.

ఆ సాయంత్రం కల్వర్టు ఖాళీగా ఉంది. నలుగురు కుర్రాళ్ళూ నిజంగానే అరుగుమీద కూర్చున్నారు. పెద్దమ్మ వాళ్ళకు జంతికలు పెట్టి, ఒక్కొక్కణ్ణీ నువ్వెవరి అబ్బాయివని అడిగి తెలుసుకుంటోంది. ఇంటి సంకేతపదాన్ని మాత్రం పంచాంగం వెనక అట్టమీద రాసుకుంది. తప్పు కదా పెద్దమ్మా అంటే, "'క' భాషలో రాశానులే!" అంది.